పట్టాతో పాటు పద్దు

కళాశాల చదువు ముగిసిన తరువాత విద్యార్థి చేతికి ఒక పట్టా వస్తుంది. చదివినది చరిత్రా, రసాయనశాస్త్రమా, వాణిజ్యశాస్త్రమా, వచ్చిన మార్కులు ఎన్ని అనే సంగతులు ఆ పట్టా చెబుతుంది. అయితే ఉద్యోగం ఇచ్చేవారు తెలుసుకోదలచే విషయం మరొకటి ఉంటుంది. తమ సంస్థ ఎలా నడుస్తుందో ఈ అభ్యర్థికి అర్థమవుతుందా? తాను చేయబోయే పని ఆ నడకలో ఎక్కడ ఉందో గుర్తించగలరా? ఈ ప్రశ్నలకు పట్టాలో జవాబు దొరకదు.

ఇంటర్వ్యూలో తరచుగా వినబడే ప్రశ్న ఒకటి ఉంది: "మా సంస్థ గురించి మీకు ఏమి తెలుసు?" చాలామంది అభ్యర్థులు, "మీది చాలా పెద్ద సంస్థ అండీ, మంచి పేరు ఉంది. ఇక్కడ పనిచేయడం నా అదృష్టంగా భావిస్తాను" అని జవాబు చెబుతారు. ఆ మాటలో తప్పు లేదు. కాని అదే మాట ఏ సంస్థలోనైనా చెప్పవచ్చు. మరొక అభ్యర్థి, "మీ సరుకు పెళ్ళిళ్ళ కాలంలో ఎక్కువగా అమ్ముడవుతుంది కదండీ, మిగిలిన నెలలలో దుకాణాల అద్దె, జీతాలు ఎలా సర్దుబాటు చేస్తారో తెలుసుకోవాలని ఉంది" అన్నారనుకుందాం. ఆ ఒక్క మాటతోనే ఆ అభ్యర్థి సంస్థను బయటి నుండి కాక లోపలి నుండి చూస్తున్నారని తెలిసిపోతుంది.

ఈ చూపునే వ్యాపార పరిజ్ఞానం అంటారు. వ్యాపారం చేయడం వేరు, వ్యాపారాన్ని అర్థం చేసుకోవడం వేరు. సరుకు అమ్మే నేర్పు కొందరికే ఉండవచ్చు. కాని డబ్బు ఎక్కడి నుండి వస్తుంది, ఎక్కడికి పోతుంది అనే సంగతి ఎవరైనా నేర్చుకోవచ్చు. ఇది వాణిజ్యశాస్త్రం చదివినవారికి మాత్రమే చెందిన విద్య కాదు. యంత్రం నడిపే ఇంజనీరుకు, ప్రయోగశాలలో పనిచేసే శాస్త్ర పట్టభద్రుడికి, ఉత్తరాలు రాసే భాషా పట్టభద్రురాలికి కూడా ఇది అవసరమే.

నాలుగు ప్రశ్నలు

ఏ వ్యాపారాన్ని చూసినా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది: డబ్బు ఎవరు ఇస్తున్నారు, ఎందుకు ఇస్తున్నారు? రెండవది: ఆ డబ్బు సంపాదించడానికి దేనికి ఎంత ఖర్చవుతున్నది? మూడవది: రావలసిన డబ్బు ఎప్పుడు చేతికి వస్తున్నది? నాల్గవది: ఏమి మారితే ఈ లెక్క తారుమారవుతుంది? ఈ నాలుగింటికీ జవాబు దొరికితే చిన్న కిరాణా కొట్టు అయినా, వేలమంది పనిచేసే కర్మాగారం అయినా ఒకే తీరుగా అర్థమవుతుంది.

మహారాష్ట్రలోని షోలాపూరు నగరంలో తెలుగు పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. అక్కడి దుప్పట్లు, తువ్వాళ్ళు దేశమంతటా పేరు పొందాయి. ఆ రెండింటికీ భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అటువంటి మగ్గాల ఊరిలో ఒక చిన్న తువ్వాళ్ళ కార్ఖానా ఉన్నదని ఊహించుకుందాం. లెక్క తేలికగా ఉండడానికి అంకెలు కూడా ఊహించినవే.

ఒక తువ్వాలు వెల 100 రూపాయలు. దానికి పట్టే నూలు 60 రూపాయలు, నేసినవారి కూలి 15 రూపాయలు, కరెంటు 5 రూపాయలు. అంటే తువ్వాలుకు 80 రూపాయల ఖర్చు పోగా 20 రూపాయలు మిగులుతాయి. ఎన్ని తువ్వాళ్ళు నేస్తే అన్నిసార్లు ఈ ఖర్చు పెరుగుతుంది. అందువల్ల దీనిని మారే ఖర్చు అంటారు. నేసినా నేయకపోయినా తప్పని ఖర్చులు మరికొన్ని ఉన్నాయి. షెడ్డు అద్దె, బ్యాంకు వడ్డీ, గుమాస్తా జీతం మొదలైనవి కలిపి నెలకు 40,000 రూపాయలు అనుకుందాం. దీనిని స్థిర ఖర్చు అంటారు.

తువ్వాలుకు మిగిలే 20 రూపాయలతో 40,000 రూపాయల స్థిర ఖర్చు పూడాలంటే నెలకు 2,000 తువ్వాళ్ళు అమ్ముడుపోవాలి. అప్పుడు లాభమూ లేదు, నష్టమూ లేదు. 3,000 తువ్వాళ్ళు అమ్మితే 60,000 రూపాయలు మిగులుతాయి. అందులో స్థిర ఖర్చు పోగా లాభం 20,000 రూపాయలు.

ఇప్పుడు నూలు ధర తువ్వాలుకు 5 రూపాయలు పెరిగింది. అంటే 60 రూపాయల నూలు 65 రూపాయలైంది. పెరిగింది పన్నెండవ వంతు మాత్రమే. కాని తువ్వాలుకు మిగిలేది 20 నుండి 15 రూపాయలకు పడిపోయింది. 3,000 తువ్వాళ్ళకు మిగిలేది 45,000 రూపాయలు. స్థిర ఖర్చు పోగా లాభం 5,000 రూపాయలే. నూలు ధర కొద్దిగా పెరిగితే లాభంలో నాలుగింట మూడు వంతులు ఎగిరిపోయాయి. తువ్వాలు ధర పెంచుదామంటే, ఆ ధరకు ఇచ్చే మరొక కార్ఖానా పక్క వీధిలోనే ఉంటుంది. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అనే సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణ ఉండదు. నూలు ధర గురించి పత్రికలో వచ్చే చిన్న వార్తను ఆ కార్ఖానా యజమాని ఎందుకు అంత శ్రద్ధగా చదువుతాడో ఈ లెక్క చెబుతుంది.

లాభం ఉన్నా చేతిలో డబ్బు లేకపోవడం

మూడవ ప్రశ్న చాలామంది మరచిపోయే ప్రశ్న. పై కార్ఖానాలో నూలు ధర పాత ధరే అనుకుందాం. నెలకు 3,000 తువ్వాళ్ళు నేయడానికి 2,40,000 రూపాయలు, స్థిర ఖర్చుకు 40,000 రూపాయలు, మొత్తం 2,80,000 రూపాయలు కావాలి. నెలాఖరున సరుకు దుకాణదారులకు పంపుతారు. వారు రెండు నెలల అరువు మీద కొంటారు. అంటే మొదటి నెల సరుకుకు డబ్బు మూడవ నెల చివర వస్తుంది. ఈలోపు మగ్గాలు ఆగవు, కూలి ఆగదు. మొదటి రూపాయి చేతికి వచ్చేలోగా మూడు నెలల ఖర్చు, అంటే 8,40,000 రూపాయలు యజమాని పెట్టుకోవలసి ఉంటుంది.

పద్దు పుస్తకంలో ప్రతి నెలా 20,000 రూపాయల లాభం కనబడుతూనే ఉంటుంది. కాని కూలి ఇచ్చే శనివారం నాడు పెట్టె ఖాళీగా ఉండవచ్చు. రోజువారీ నడకకు కావలసిన ఈ డబ్బును వాణిజ్యశాస్త్రంలో నిర్వహణ మూలధనం అంటారు. లాభం వస్తున్నా ఈ మూలధనం చాలక మూతపడిన వ్యాపారాలు ఉన్నాయి. ఎందుకంటే కూలివారికి, కరెంటు బిల్లుకు లాభం చూపితే సరిపోదు, నగదు చెల్లించాలి.

దుకాణదారులు రెండు నెలలకు బదులు ఒక నెలకే డబ్బు చెల్లించేలా చూడగలిగితే యజమాని పెట్టుకోవలసిన సొమ్ము 2,80,000 రూపాయలు తగ్గుతుంది. ఇక్కడే ఉద్యోగికి సంబంధించిన అసలు సంగతి ఉంది. సరుకు వెళ్ళిన రోజునే తప్పులు లేకుండా బిల్లు పంపే గుమాస్తా, గడువు దగ్గర పడగానే మర్యాదగా గుర్తుచేసే ఉద్యోగిని, ఆ కార్ఖానాకు ఎంత మేలు చేస్తున్నారో ఊహించవచ్చు. బిల్లు వారం ఆలస్యమైతే డబ్బూ వారం ఆలస్యమవుతుంది. "నాది కాగితాల పని మాత్రమే" అనుకునే ఉద్యోగికి, "నా కాగితం వెనుక కూలి డబ్బు ఉంది" అని తెలిసిన ఉద్యోగికి ఉన్న భేదమే వ్యాపార పరిజ్ఞానం. కనుక పై నాలుగు ప్రశ్నల తరువాత ప్రతి ఉద్యోగార్థి వేసుకోవలసిన ఐదవ ప్రశ్న: ఇందులో నా పని ఎక్కడ ఉంది?

హోసూరు చెప్పే పాఠం

చిన్న కార్ఖానాలో కనబడిన ఈ సూత్రాలు పెద్ద సంస్థలలో ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి చేతి గడియారాల కథ ఉపకరిస్తుంది.

ప్రభుత్వం 1953లో బెంగళూరులో స్థాపించిన హెచ్.ఎం.టి. సంస్థ, జపానుకు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో చేతి గడియారాల తయారీ ప్రారంభించింది. పరీక్షలో నెగ్గిన కొడుకుకు, పెళ్ళిలో అల్లుడికి హెచ్.ఎం.టి. గడియారం ఇవ్వడం ఆ కాలంలో గొప్ప సంగతి. అవి ప్రధానంగా కీ ఇస్తే నడిచే గడియారాలు. గట్టివి, నమ్మదగినవి.

1984లో టాటా సంస్థలు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి టైటాన్ అనే కంపెనీని స్థాపించాయి. దాని కర్మాగారం తమిళనాడు సరిహద్దులోని హోసూరులో వెలసింది. తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినబడే ఊరు అది. టైటాన్ మొదటి నుండి క్వార్ట్జ్ గడియారాల మీద దృష్టి పెట్టింది. క్వార్ట్జ్ గడియారానికి కీ ఇవ్వనక్కరలేదు. చిన్న బ్యాటరీ ఇచ్చే విద్యుత్తుతో అందులోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ కంపనాలను లెక్కించి గడియారం కాలాన్ని చూపుతుంది. కాలం తప్పడం చాలా తక్కువ.

అయితే టైటాన్ గెలుపునకు క్వార్ట్జ్ ఒక్కటే కారణం కాదు. హెచ్.ఎం.టి. కూడా క్వార్ట్జ్ గడియారాలు తయారు చేసింది. కాని తన బలాన్ని ఎక్కువగా కీ గడియారాలలోనే ఉంచింది. టైటాన్ మొదటి ప్రశ్నకు కొత్త జవాబు వెదికింది. కొనేవారు డబ్బు ఎందుకు ఇస్తున్నారు? కాలం తెలుసుకోవడానికి మాత్రమే కాదు, అందంగా కనబడడానికి, ఆత్మీయులకు కానుకగా ఇవ్వడానికి కూడా ఇస్తున్నారు. ఒక మనిషికి ఒకే గడియారం చాలుననే భావన పోతే ఒకే ఇంట్లో నాలుగైదు గడియారాలు అమ్మవచ్చు. అందుకే రకరకాల నమూనాలు తెచ్చింది, తన పేరుతో అందమైన దుకాణాలు తెరిపించింది. 1991 తరువాత ఆర్థిక సంస్కరణలు వచ్చి విదేశీ సరుకుకు తలుపులు తెరుచుకోవడంతో పోటీ ఇంకా పెరిగింది. 2016లో కేంద్ర ప్రభుత్వం హెచ్.ఎం.టి. గడియారాల కంపెనీని మూసివేయడానికి నిర్ణయించింది. అక్కడి పనివారి నైపుణ్యం తగ్గిపోవడం వల్ల ఇలా జరగలేదు. కొనేవారి కోరిక మారింది. ఆ మార్పుతో సమానంగా సంస్థ మారలేకపోయింది.

కథ అక్కడితో ముగియలేదు. గడియారాల విడిభాగాలను దిగుమతి చేసుకోవడానికి టైటానుకు విదేశీ మారకం కావలసి వచ్చింది. నగలు తయారు చేసి ఎగుమతి చేస్తే అది సంపాదించవచ్చునన్న ఆలోచనతో 1990లలో నగల వ్యాపారంలోకి అడుగుపెట్టింది. తనిష్క్ అనే పేరుతో దేశంలోనూ దుకాణాలు తెరిచింది. మొదట రాళ్ళు పొదిగిన 18 క్యారట్ల నగలు పెట్టింది. అవి అందంగానే ఉన్నాయి, కాని అమ్మకాలు ఆశించినంతగా సాగలేదు. కొన్ని సంవత్సరాలు నష్టాలు వచ్చాయి. కారణం ఏ ఇంటి అమ్మమ్మను అడిగినా చెప్పగలదు. ఇక్కడ నగ అలంకారం మాత్రమే కాదు, కష్టకాలానికి దాచుకున్న ధనం కూడా. అందుకే 22 క్యారట్ల బంగారం కావాలి.

సంస్థ ఆ సంగతి గ్రహించి 22 క్యారట్ల నగలకు మారింది. అంతటితో ఆగక మరొక ఏర్పాటు చేసింది. నగను కరిగించకుండా, గీటు పెట్టకుండా ఎక్స్-కిరణాల సాయంతో అందులో బంగారం ఎంత ఉందో చూపే యంత్రాన్ని దుకాణాలలో ఉంచింది. కొనేవారు తమ ఇంటి పాత నగలను కూడా పరీక్షించుకోగలిగారు. ఎంతోకాలంగా నమ్మకం మీద కొన్న నగలలో బంగారం చెప్పినదాని కంటె తక్కువ ఉందని కొందరికి అప్పుడే తెలిసింది. నమ్మకమే సరుకుగా మారింది. గడియారాల పేరుతో మొదలైన ఆ సంస్థకు నేడు ఆదాయంలో నాలుగింట మూడు వంతులకు పైగా నగల నుండే వస్తున్నది. 2013 నుండి దాని పేరు కూడా టైటాన్ కంపెనీ అని మాత్రమే ఉంది. ఇది తెలియని అభ్యర్థి "మీరు గడియారాలు తయారు చేస్తారు" అని మాత్రమే చెబితే, ఇంటి వాకిలి చూసి ఇల్లంతా చూశానని చెప్పినట్లు ఉంటుంది.

నగల వ్యాపారాన్ని ఇంకొంచెం లోతుగా చూడాలి. బంగారం ధర అందరికీ తెలిసినదే. అందువల్ల నగల వర్తకుడు బంగారం మీద కంటె తరుగు, మజూరీ మీదనే ఎక్కువగా సంపాదిస్తాడు. ఒక దుకాణంలో నిరుడు 100 కోట్ల రూపాయల అమ్మకం జరిగి, ఈ ఏడు 110 కోట్లు జరిగిందనుకుందాం. వ్యాపారం పెరిగిందని సంతోషించవచ్చా? ఈ మధ్యలో బంగారం ధర నూటికి ఇరవై వంతులు పెరిగి ఉంటే, తూకం ప్రకారం చూసినప్పుడు అమ్మిన బంగారం నిరుటికంటె తక్కువే. అంకె పెరిగింది, సరుకు తగ్గింది. "ఆదాయం పెరిగింది" అనే వార్త కనబడగానే "ధర పెరిగిందా, అమ్మిన సరుకు పెరిగిందా?" అని అడగడం వ్యాపార పరిజ్ఞానానికి మొదటి గుర్తు.

ప్రభుత్వ నియమాలు కూడా లెక్కను మారుస్తాయి. 2017 జూలై 1 నుండి దేశమంతటా వస్తుసేవల పన్ను అమలులోకి వచ్చింది. 2021 జూన్ నుండి బంగారు నగలపై హాల్ మార్క్ ముద్ర దశలవారీగా తప్పనిసరి అయింది. ఇటువంటి నియమం వచ్చినప్పుడు చిన్న వర్తకుడికి ఎంత ఖర్చు పెరుగుతుంది, కొనేవారికి ఎంత ధైర్యం కలుగుతుంది, పోటీలో ఎవరికి లాభం అనే ప్రశ్నలు వేసుకోవాలి. నాల్గవ ప్రశ్నకు అర్థం ఇదే.

పేరు చూసి మోసపోకుండా

వ్యాపార పరిజ్ఞానం ఉద్యోగం సంపాదించడానికే కాదు, తగని చోట చేరకుండా కాపాడుకోవడానికి కూడా అవసరం. పెద్ద పేరు, అద్దాల భవనం, పత్రికలలో ప్రకటనలు ఉన్నంత మాత్రాన సంస్థ ఆరోగ్యంగా ఉన్నట్లు కాదు.

బెంగళూరు కేంద్రంగా 2005లో కింగ్‌ఫిషర్ విమాన సంస్థ ఎగరడం ప్రారంభించింది. ప్రయాణికులకు అది చేసే మర్యాదలను అందరూ మెచ్చుకున్నారు. కాని విమానాల అద్దె, ఇంధనం, వడ్డీల ఖర్చుకు ఆదాయం ఎన్నడూ సరిపోలేదు. నష్టాలు ఏటేటా పెరిగాయి, అప్పులు పేరుకున్నాయి. ఉద్యోగులకు నెలల తరబడి జీతాలు అందలేదు. 2012 అక్టోబరులో విమానాలు ఆగిపోయాయి. ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. ఆ నష్టాలు రహస్యం కాదు. సంస్థ ప్రకటించిన లెక్కలలోనే అవి ఏటా కనబడుతూ వచ్చాయి. లెక్కలు చదవగలిగినవారికి ముందుగానే కొంత హెచ్చరిక అందింది.

లెక్కలే అబద్ధమైతే ఏమి చేయాలి? అటువంటిదీ జరిగింది. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధిపతి 2009 జనవరి 7న తన సంస్థ లెక్కలు తప్పుడువని లేఖ ద్వారా ఒప్పుకున్నాడు. ఖాతాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,000 కోట్ల రూపాయలకు పైగా అసలు లేనే లేవు. వేలాది ఉద్యోగులు ఒక్క రోజులో ఆందోళనలో పడ్డారు. అదే సంవత్సరం మరొక సంస్థ దానిని కొనడంతో అది నిలబడింది. లెక్కలు తనిఖీ చేయవలసిన ఆడిటర్లు కూడా బయటపెట్టని మోసాన్ని ఉద్యోగార్థి కనిపెట్టలేడు. కనుక ఒకే ఆధారం మీద పూర్తిగా ఆధారపడకూడదు. లెక్కలతో పాటు అక్కడ పనిచేసేవారి మాట, సరుకు ఇచ్చేవారికి డబ్బు సకాలంలో అందుతున్నదా అనే సంగతి కూడా విచారించుకోవాలి.

ఇంతకంటె చిన్న మోసాలు చాలా ఉన్నాయి. ఉద్యోగం ఇస్తామని చెప్పి ముందుగా "డిపాజిట్" అనో "శిక్షణ రుసుము" అనో డబ్బు అడిగేవారు ప్రతి పట్టణంలో తగులుతారు. ఇక్కడ మొదటి ప్రశ్నే రక్షిస్తుంది: ఈ సంస్థకు డబ్బు ఎవరు ఇస్తున్నారు? సరుకు కొనేవారు కాక ఉద్యోగం కోరి వచ్చినవారే డబ్బు ఇస్తున్నట్లయితే, అక్కడ వ్యాపారం ఉద్యోగార్థుల ఆశ మీదనే నడుస్తున్నదని గ్రహించాలి.

ఎలా నేర్చుకోవాలి?

ఈ విద్యకు మొదటి బడి బజారే. యానాంలో వానాకాలం వరదలప్పుడు మాత్రమే దొరికే పులస చేప ధర ఎందుకు అంతగా పలుకుతుందో బజారులో నిలబడి చూసినవారికి గిరాకీ, సరఫరా అనే మాటలు వేరే చెప్పనక్కరలేదు. బళ్ళారిలో జీన్స్ కుట్టే కార్ఖానాలు, బరంపురంలో పట్టు మగ్గాలు, ఊరూరా ఉన్న కిరాణా కొట్లు, ఇవన్నీ చూసి నేర్చుకోదగినవే. దుకాణం నడిపే మేనమామనో, పక్కింటి పెద్దాయననో మర్యాదగా అడిగితే చాలా సంగతులు చెబుతారు. ఎంత సంపాదిస్తున్నారని అడగడం సభ్యత కాదు. "ఏ నెలలో బేరాలు తక్కువగా ఉంటాయి? సరుకు ఎక్కడి నుండి వస్తుంది? అరువు ఎన్ని రోజులు?" అని అడగవచ్చు.

రెండవ బడి దినపత్రిక. అన్ని వార్తలూ చదివి అన్నీ మరచిపోవడం కంటె, ఒక పరిశ్రమను ఎన్నుకుని ఆరు నెలలు దాని వార్తలను మాత్రమే ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం మేలు. వార్త కింద ఒక వాక్యం రాయాలి: దీని వల్ల ఎవరి ఖర్చు పెరుగుతుంది, ఎవరి ఆదాయం పెరుగుతుంది? మొదట జవాబు తప్పినా కొన్నాళ్ళకు చూపు కుదురుతుంది.

మూడవ బడి సంస్థల వార్షిక నివేదిక. స్టాక్ ఎక్స్చేంజిలో వాటాలు అమ్ముడయ్యే సంస్థలు మూడు నెలలకు ఒకసారి తమ ఫలితాలను, ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను అందరికీ తెలిసేటట్లు ప్రకటించాలి. ఇంటర్నెట్‌లో అవి ఉచితంగా దొరుకుతాయి. నివేదిక వందల పుటలు ఉండవచ్చు, అంతా చదవనక్కరలేదు. ఏ విభాగం నుండి ఎంత ఆదాయం వచ్చింది, రెండు మూడేళ్ళ లాభనష్టాలు ఎలా ఉన్నాయి, అప్పు ఎంత, వ్యాపారం వల్ల నిజంగా నగదు చేతికి వస్తున్నదా, ఆడిటర్లు ఏమైనా అభ్యంతరం రాశారా అన్నవి చూస్తే చాలు. చిన్న సంస్థలకు ఇటువంటి నివేదికలు ఉండవు. వాటి గురించి వాటితో వ్యవహరించేవారిని అడిగి తెలుసుకోవాలి.

నాల్గవది పనిలో దిగి నేర్చుకోవడం. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం సంస్థలు యువకులకు భృతి ఇచ్చి శిక్షణ ఇస్తాయి. 2014లో చేసిన సవరణతో ఇంజనీరింగ్ కాని ఇతర పట్టభద్రులకు కూడా ఆ అవకాశం కలిగింది. పట్టా చేతికి వచ్చి ఉద్యోగం రాని నెలలను వృథా చేసుకోకుండా ఈ దారి పట్టవచ్చు.

భాష అడ్డు కాదు

తెలుగు మాధ్యమంలో చదివినవారికి, అందులోనూ ఇతర రాష్ట్రాలలో పెరిగినవారికి ఒక భయం ఉంటుంది. వ్యాపారం మాటలన్నీ ఆంగ్లంలో ఉంటాయి, అవి తమకు రావు అని వెనుకాడతారు. నిజానికి ఆ భావాలు తెలుగు ఇళ్ళలో ఏనాటి నుండో ఉన్నవే. ఏ రోజు లెక్క ఆ రోజు రాసే పుస్తకం చిట్టా. ఎవరి ఖాతా వారికి విడదీసి రాసేది ఆవర్జా. దానినే ఆఫీసులలో లెడ్జర్ అంటారు. ఉన్న ఆస్తి, ఉన్న అప్పు ఎదురెదురుగా చూపే ఆస్తి అప్పుల పట్టీయే బ్యాలెన్స్ షీట్. నిర్వహణ మూలధనాన్ని వర్కింగ్ క్యాపిటల్ అంటారు. భావం సొంత భాషలో గట్టిగా తెలిసినవారు దానికి మరొక భాషలో ఉన్న పేరు నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టదు. పేరు మాత్రమే తెలిసి భావం తెలియనివారు మరొక ప్రశ్న ఎదురైతే తడబడతారు.

పైగా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో మాట్లాడుతూ పెరిగినవారికి మరొక మేలు ఉంది. కొనేవారు తమ కోరికను, తమ అనుమానాన్ని సొంత భాషలోనే తేలికగా చెప్పుకోగలరు. ఆ మాట విని అర్థం చేసుకోగల ఉద్యోగి బ్యాంకులోనైనా, దుకాణంలోనైనా, సరుకు పంపిణీ చేసే సంస్థలోనైనా విలువైనవాడే. ఆ సంగతి అభ్యర్థి తానే చెప్పుకోవాలి. "నాకు మూడు భాషలు వచ్చునండీ" అని ఊరుకోకుండా, "మీ దుకాణానికి సరిహద్దు ఊళ్ళ నుండి వచ్చేవారితో వారి భాషలోనే మాట్లాడి సరుకు చూపగలను" అని చెబితే ఆ విద్య సంస్థకు ఎలా ఉపయోగపడుతుందో తేటపడుతుంది.

అయితే కొన్ని హద్దులు పాటించాలి. నివేదికలోని అంకెలు బట్టీ పట్టి అప్పజెప్పడం పరిజ్ఞానం కాదు. సంస్థ ఎలా నడపాలో మొదటి రోజే యజమానికి ఉపదేశించడం వినయం కాదు. తెలియనిదాన్ని "తెలియదండీ, తెలుసుకుంటాను" అని చెప్పడంలో తప్పు లేదు. ముఖ్యంగా, లాభం ఒక్కటే వ్యాపారానికి కొలత అనుకోరాదు. కూలి తగ్గించి, మురికినీరు చెరువులోకి వదిలి లాభం పెంచుకునే సంస్థ తన ఖర్చును ఇతరుల మీదికి నెడుతున్నదన్నమాట. ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూడగలగడం కూడా ఈ పరిజ్ఞానంలో భాగమే.

ఉన్నత ఉద్యోగాలలో బంధువులు ఉన్నవారికి ఈ సంగతులు ఇంట్లో మాటల మధ్య తెలిసిపోతాయి. అటువంటి అండ లేని ఇంటి నుండి మొదటిసారిగా పట్టా పొందినవారు వీటిని ప్రయత్నించి నేర్చుకోవాలి. ఆ ప్రయత్నానికి డబ్బు అక్కరలేదు, సిఫారసు అక్కరలేదు. చూసే కన్ను, అడిగే నోరు, రాసుకునే అలవాటు ఉంటే చాలు. మగ్గం పక్కన, అంగడి అరుగు మీద పెరిగిన పిల్లలకు సగం పాఠం ముందే వచ్చి ఉంటుంది. మిగిలిన సగానికి పేర్లు పెట్టుకోవడమే తరువాయి.

ప్రశ్నలు

1. వ్యాపారం చేయడానికి, వ్యాపారాన్ని అర్థం చేసుకోవడానికి గల భేదం ఏమిటి?

2. తువ్వాళ్ళ కార్ఖానాలో నూలు ధర తువ్వాలుకు 10 రూపాయలు పెరిగితే, నెలకు 3,000 తువ్వాళ్ళు అమ్మినప్పుడు లాభమా, నష్టమా? ఎంత?

3. లాభం ఉన్నా చేతిలో నగదు లేని స్థితి ఎలా కలుగుతుంది? సొంత మాటలలో రాయండి.

4. గడియారాల కంపెనీ నగల వ్యాపారంలో మొదట నష్టపోవడానికి, తరువాత నిలదొక్కుకోవడానికి కారణాలు వివరించండి.

5. మీ ఊరిలోని ఒక చిన్న వ్యాపారాన్ని వారం రోజులు గమనించి, పాఠంలోని నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసి తరగతిలో చదివి వినిపించండి.